థండర్‌బర్డ్‌లో రంగులు, అక్షరాలు మీ పనికి తగ్గట్టు ఎలా మార్చుకోవాలి

గుంటూరు బ్రాడీపేట ఆడిటర్ ఆఫీసుల్లో అయినా, మిర్చి యార్డు చుట్టుపక్కల ఎగుమతి ఆఫీసుల్లో అయినా పొద్దున తెరిచిన మెయిల్ ప్రోగ్రామ్‌ను సాయంత్రం దాకా ఎవరూ మూయరు. రోజంతా కళ్లు దాని మీదే. అయినా ఇన్‌స్టాల్ చేసిన రోజు ఎలా ఉందో ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తాం. అక్షరాలు చిన్నగా ఉంటే ముందుకు వంగి చదువుతాం. రెండు మూడు అకౌంట్ల మెయిళ్లు కలిసిపోతే వెతుక్కుంటూ కూర్చుంటాం. తీరిగ్గా ఒక అరగంట కేటాయిస్తే ఈ ఇబ్బందులు చాలావరకు పోతాయి.

ఇక్కడ చెప్పేదంతా మొజిల్లా థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ గురించి. ఇది ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా పనిచేస్తుంది. 2004 డిసెంబరులో మొదటి వెర్షన్ వచ్చింది. 2023 జులైలో సూపర్‌నోవా పేరుతో 115వ వెర్షన్ వచ్చినప్పుడు దీని రూపం బాగా మారింది. నేను చెప్పేవాటిలో కొన్ని 2024 జులైలో వచ్చిన 128తో మొదలయ్యాయి. కాబట్టి ముందు మీ వెర్షన్ చూసుకోండి. పైన కుడివైపు మూడు గీతల మెనూ నొక్కి, హెల్ప్, ఆ తర్వాత అబౌట్ థండర్‌బర్డ్‌లోకి వెళ్తే నంబర్ కనిపిస్తుంది. పాతదైతే అక్కడి నుంచే అప్‌డేట్ చేసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. తెర మీద ఉన్న ప్రతి రంగూ మీకు ఏదో ఒకటి చెప్పాలి. ఏమీ చెప్పని రంగు కంటికి బరువే. అందుకే ముందు అక్షరాలు, తర్వాత వెనక రంగు, ఆఖరున గుర్తుల రంగులు అనే వరసలో వెళ్దాం. చాలామంది నేరుగా థీమ్‌ల దగ్గర మొదలుపెట్టి, నాలుగైదు మార్చి చూసి, విసుగొచ్చి వదిలేస్తారు.

ముందు అక్షరాలు

ఇంగ్లిష్‌కు సరిపోయే సైజు తెలుగుకు సరిపోదు. ‘రాష్ట్రం’ అనే మాటే తీసుకోండి. ష కింద ట వత్తు, దానికి తోడు రకారం, ఇవన్నీ ఆ కాస్త ఎత్తులోనే ఇమడాలి. 12 పిక్సెళ్ల దగ్గర ద, ధ, థ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. థ కడుపులో చుక్క ఉందో లేదో కళ్లు చికిలిస్తే తప్ప తెలియదు. పేర్లు, ఊళ్లు, మొత్తాలు అక్షరాల్లో రాసిన మెయిల్ అయితే ఇది చిన్న విషయం కాదు.

థండర్‌బర్డ్‌లో అక్షరాల సైజు రెండు చోట్ల ఉంటుంది. ఈ రెండూ వేరువేరని తెలియక ఒకటి మార్చి రెండోది మారలేదని అనుకుంటారు.

మొదటిది ప్రోగ్రామ్ అక్షరాలు, అంటే ఎడమవైపు ఫోల్డర్ల పేర్లు, మెయిళ్ల జాబితా, మెనూలు. మూడు గీతల మెనూ తెరిస్తే ఫాంట్ సైజ్ అని, పక్కన ప్లస్, మైనస్ ఉంటాయి. ప్లస్ ఒకటి రెండుసార్లు నొక్కి, మీరు మామూలుగా కూర్చునే దూరం నుంచి చూడండి. తెరకు దగ్గరగా జరిగి సైజు ఎంచుకుంటే మళ్లీ చిన్నదే ఎంచుకుంటారు.

రెండోది మెయిల్ లోపలి అక్షరాలు. దీనికి సెట్టింగ్స్ తెరిచి, జనరల్‌లో లాంగ్వేజ్ అండ్ అపియరెన్స్ అనే భాగానికి దిగండి. అక్కడ ఫాంట్స్ అండ్ కలర్స్ కింద అడ్వాన్స్‌డ్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే వచ్చే చిన్న కిటికీలోనే అసలు పనంతా ఉంది.

పైన ‘ఫాంట్స్ ఫర్’ అనే జాబితాలో తెలుగు ఎంచుకోండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది. విండోస్ 8 నుంచి అది సిస్టమ్‌తోనే వస్తోంది. ఎక్స్‌పీ రోజుల నుంచి ఉన్న గౌతమి కంటే తెర మీద ఇదే శుభ్రంగా కనిపిస్తుంది. లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ పెట్టుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి కూడా చదవడానికి హాయిగా ఉంటుంది. రామభద్ర అందమైనదే గానీ శీర్షికలకు బాగుంటుంది, పేజీల కొద్దీ చదవడానికి బరువు. సైజు 17 గానీ 18 గానీ పెట్టండి. మినిమమ్ ఫాంట్ సైజ్ అనే చోట 14 ఇవ్వండి. దాంతో ఎవరైనా మరీ చీమల్లాంటి అక్షరాలతో పంపినా మీ దగ్గర 14కు తగ్గవు.

ఇక్కడితో ఆగొద్దు. అదే జాబితాలో లాటిన్, అదర్ రైటింగ్ సిస్టమ్స్ అనేవి కూడా ఉంటాయి. వాటిలోనూ ఇదే సైజు పెట్టండి. మనకొచ్చే మెయిళ్లలో చాలావాటికి ‘ఇది తెలుగు’ అనే గుర్తు ఉండదు. అలాంటప్పుడు థండర్‌బర్డ్ తెలుగు కింద మీరిచ్చిన సెట్టింగ్‌ను పట్టించుకోకుండా ఈ రెండింటిలో ఒకదాన్ని తీసుకుంటుంది. ‘ఫాంట్ మార్చినా మారలేదు’ అనే ఫిర్యాదు వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

ఆ కిటికీలోనే కింద, ప్లెయిన్ టెక్స్ట్ మెయిళ్లకు ఫిక్స్‌డ్ విడ్త్ ఫాంట్ వాడమనే చెక్‌బాక్స్ ఉంటుంది. అక్కడి టిక్ తీసేయండి. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఇచ్చే ఫాంట్లు ఇంగ్లిష్ కోసం పుట్టినవి. తెలుగు మెయిల్ వాటిలో పడితే ఇంగ్లిష్ మాటలు ఒక సైజులో, తెలుగు మాటలు ఇంకో సైజులో, అతుకులు వేసినట్టు కనిపిస్తాయి.

ఒకే ఒక్క మెయిల్ పెద్దగా చూడాలంటే ఇదంతా అక్కర్లేదు. మెయిల్ తెరిచి కంట్రోల్‌తో పాటు ప్లస్ నొక్కితే చాలు. మళ్లీ మామూలుగా రావాలంటే కంట్రోల్, సున్నా.

తెల్లగానా, నల్లగానా

మూడు గీతల మెనూలో యాడాన్స్ అండ్ థీమ్స్ తెరిచి ఎడమవైపు థీమ్స్‌లోకి వెళ్లండి. లైట్, డార్క్, సిస్టమ్ థీమ్ అని మూడు సిద్ధంగా ఉంటాయి. సిస్టమ్ థీమ్ పెడితే విండోస్ ఎలా ఉంటే థండర్‌బర్డ్ అలా మారుతుంది. నచ్చిన దాని పక్కన ఎనేబుల్ నొక్కడమే.

డార్క్ థీమ్ అంటే కళ్లకు మంచిదని అందరూ అంటారు. నా సలహా మాత్రం మీరు కూర్చునే చోటును బట్టి ఎంచుకోమని. విజయవాడలో, గుంటూరులో మార్చి నుంచి జూన్ దాకా కిటికీలోంచి వచ్చే వెలుతురు మామూలుగా ఉండదు. కిటికీ మీ వెనక ఉంటే నల్లటి తెరలో మెయిల్ కంటే ముందు మీ మొహం, వెనకున్న బీరువా కనిపిస్తాయి. అలాంటి చోట లైట్ థీమే మేలు. తెర బ్రైట్‌నెస్ కాస్త తగ్గించుకోండి, సరిపోతుంది. కర్టెన్లు వేసి ఏసీ గదిలో పనిచేసేవాళ్లకు, రాత్రి పది తర్వాత బయటి దేశాల మెయిళ్లు చూసుకునేవాళ్లకు డార్క్ హాయి. సిలిండర్ పవర్ ఉన్న కళ్లద్దాలు వాడేవాళ్లలో కొందరికి నలుపు మీద తెల్లక్షరాలు చెదిరినట్టు కనిపిస్తాయి. వాళ్లు మొహమాటం లేకుండా లైట్‌లోనే ఉండాలి.

డార్క్ పెట్టాక కొన్ని మెయిళ్లు, ముఖ్యంగా బ్యాంకులు, కంపెనీలు పంపే బొమ్మలున్న మెయిళ్లు సరిగా కనిపించకపోవచ్చు. 2025 జులైలో వచ్చిన 140 వెర్షన్‌లో మెయిల్ లోపలి భాగాన్ని కూడా డార్క్‌కు మార్చే ఏర్పాటు ఉంది. ఏదైనా మెయిల్ వికారంగా కనిపిస్తే దాని పైభాగంలోని బటన్‌తో ఆ మార్పు ఆపేసి చూడొచ్చు.

సెట్టింగ్స్‌లో కలర్స్ అనే ఇంకో బటన్ ఉంది, అడ్వాన్స్‌డ్‌కు దగ్గర్లోనే. అక్షరం రంగు, వెనక రంగు, లింకుల రంగు మీరే ఇవ్వొచ్చు. అయితే పంపినవాళ్లు పెట్టిన రంగులను మీ రంగులతో తొక్కేయాలా అని అడిగేచోట ‘ఆల్వేస్’ పెట్టేముందు ఆలోచించండి. ఎర్రక్షరాల్లో మార్చిన రేటు, పసుపు గీత పెట్టిన గడువు తేదీ, అన్నీ మామూలు అక్షరాలైపోతాయి. చూపు బాగా తక్కువగా ఉన్నవాళ్లకు తప్ప అది అవసరం లేదు.

వరుసల మధ్య జాగా

ఇది త్వరగా అయిపోతుంది. మూడు గీతల మెనూలోనే డెన్సిటీ ఉంది: కాంపాక్ట్, డిఫాల్ట్, రిలాక్స్‌డ్. తెలుగు సబ్జెక్ట్‌లు ఎక్కువగా వచ్చేవాళ్లు కాంపాక్ట్ జోలికి పోవద్దు, పై వరుస వత్తులు కింది వరుస తలకట్లకు తగులుతున్నట్టు ఉంటుంది. మెయిళ్ల జాబితా తలభాగంలో ఉన్న చిన్న గుర్తు నొక్కితే టేబుల్ వ్యూ, కార్డ్స్ వ్యూ అని రెండు వస్తాయి. రోజుకు పది మెయిళ్లు వచ్చేవాళ్లకు కార్డులు బాగుంటాయి. వంద వచ్చే ఆఫీసుకు టేబులే కావాలి. వెడల్పాటి మానిటర్ అయితే వ్యూ మెనూలో లేఅవుట్‌కు వెళ్లి వర్టికల్ పెట్టుకోండి, జాబితా ఒక పక్క, మెయిల్ ఇంకో పక్క వస్తాయి.

అకౌంట్‌కు ఒక రంగు

ఈ వ్యాసంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో మూడు అకౌంట్లు ఒకే కంప్యూటర్ మీద ఉండేవి. కంపెనీ పేరు మీద ఒకటి, కమిషన్ వ్యాపారులతో మాట్లాడటానికి ఒక జీమెయిల్, యజమాని సొంతది ఇంకొకటి. తేజ రకం రేట్లున్న షీట్ బయటి దేశం కొనుగోలుదారుకు కంపెనీ అడ్రస్ నుంచి వెళ్లాల్సింది, యజమాని సొంత అడ్రస్ నుంచి వెళ్లింది. అవతలివాళ్లు నమ్మలేదు. కంపెనీ పేరుతో ఎవరో మోసం చేస్తున్నారేమోనని ఫోన్ చేసి అడిగారు. అకౌంటెంట్ కుర్రాడు ‘సార్, నేను మార్చలేదు, అదే అలా పెట్టుకుంది’ అన్నాడు. అతను చెప్పింది నిజమే. కొత్త మెయిల్ రాయడం మొదలుపెట్టినప్పుడు, మీరు ఏ అకౌంట్ ఫోల్డర్‌లో నిలబడి ఉంటే ఆ అడ్రసే ఫ్రమ్‌లో పడుతుంది. ఆ కుర్రాడు యజమాని ఇన్‌బాక్స్‌లో ఉండగా కొత్త మెయిల్ రాసే బటన్ నొక్కాడు, అంతే.

దీనికి విరుగుడు ఇలా చేయండి. మూడు గీతల మెనూ నుంచి అకౌంట్ సెట్టింగ్స్ తెరవండి. ఎడమవైపు అకౌంట్ పేరు మీద నొక్కితే కుడివైపు పైన ఆ అకౌంట్ పేరు, దాని పక్కన చిన్న రంగు గడి కనిపిస్తాయి. గడి నొక్కి రంగు ఎంచుకోండి. ప్రతి అకౌంట్‌కూ ఇలాగే. ఆ రంగు ఎడమవైపు ఫోల్డర్ల జాబితాలో అకౌంట్ గుర్తుకు వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మెయిల్ రాసేటప్పుడు ఫ్రమ్ జాబితాలోనూ కనిపిస్తుంది. అడ్రస్ అక్షరాలు చదివి పోల్చుకునే ఓపిక హడావిడిలో ఎవరికీ ఉండదు, రంగు మాత్రం చదవకుండానే తెలుస్తుంది.

రంగులు ఎంచుకునేటప్పుడు దగ్గరదగ్గరవి వద్దు. కంపెనీకి ముదురు నీలం, జీమెయిల్‌కు నారింజ, సొంతదానికి ఊదా లాంటివి పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ జంటగా పెట్టొద్దు. ఆ రెండింటి తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు, కొందరికి ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఆఫీసులో నలుగురు వాడే కంప్యూటర్ అయితే ఇది గుర్తుంచుకోవాలి.

ఫోల్డర్లకూ రంగు ఇవ్వొచ్చు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఐకాన్ కలర్ ఉంటుంది. అయితే అకౌంట్‌కు ఏ రంగిచ్చారో దాని ఫోల్డర్లకూ అదే ఇవ్వండి. ఫోల్డర్‌కో రంగు ఇచ్చుకుంటూ పోతే ఏ రంగుకూ అర్థం మిగలదు. అన్ని ఇన్‌బాక్స్‌లను కలిపి చూపించే యూనిఫైడ్ ఫోల్డర్స్ వాడేవాళ్లు టేబుల్ వ్యూలో కాలమ్‌ల గుర్తు నొక్కి అకౌంట్ అనే కాలమ్‌ను కూడా తెచ్చుకోండి.

ట్యాగులు: మెయిల్ తెరవకముందే విషయం తెలియాలంటే

థండర్‌బర్డ్‌లో ఐదు ట్యాగులు, అంటే మెయిల్‌కు తగిలించే రంగు గుర్తులు, ముందే ఉంటాయి: ఇంపార్టెంట్, వర్క్, పర్సనల్, టు డు, లేటర్. కీబోర్డ్ మీద 1 నుంచి 5 వరకు నొక్కితే ఆ వరసలో పడతాయి, సున్నా నొక్కితే ఆ మెయిల్ మీద ట్యాగులన్నీ పోతాయి. టేబుల్ వ్యూలో ఆ వరుస అక్షరాలన్నీ ట్యాగ్ రంగులోకి మారిపోతాయి. కార్డుల్లో చిన్న గుర్తుగా వస్తుంది.

వీటి పేర్లు మన పనికి సరిపోవు. కొత్తవి చేర్చే బదులు ఉన్న ఐదింటి పేర్లే మార్చండి, నంబర్ కీలు చెదరకుండా ఉంటాయి. సెట్టింగ్స్, జనరల్, కిందికి దిగితే ట్యాగ్స్ భాగం. ఒకదాన్ని ఎంచుకుని ఎడిట్ నొక్కితే పేరు, రంగు రెండూ మార్చుకోవచ్చు. పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఆడిటర్ ఆఫీసు అయితే ‘గడువు’, ‘నోటీసు’, ‘క్లయింట్ కాగితాలు’ చాలు. ఎగుమతి ఆఫీసుకు ‘రేట్లు’, ‘పేమెంట్’, ‘షిప్పింగ్ కాగితాలు’. మూడుతో మొదలుపెట్టండి. ఐదు దాటితే ఏ రంగు దేనికో మళ్లీ గోడ మీద చీటీ అంటించుకోవాల్సి వస్తుంది.

రంగు కనిపించడానికి ఒక లెక్క ఉంది. వెబ్ పేజీలు అందరికీ చదవడానికి వీలుగా ఉండాలని పెట్టుకున్న ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకు మధ్య తేడా (కాంట్రాస్ట్ నిష్పత్తి) కనీసం 4.5 ఉండాలి. తెలుపు మీద నలుపైతే 21. తెలుపు మీద నిండు నీలం 8.6 దాకా వస్తుంది, మంచిది. నిండు ఎరుపు 4 దగ్గరే ఆగిపోతుంది, అందుకే ఎరుపును కాస్త ముదురు చేసి, కుంకుమ రంగు దాకా తీసుకెళ్తే చదవడానికి బాగుంటుంది. పసుపు సంగతి చెప్పనక్కర్లేదు, తెలుపు మీద దానికి 1.07. ఆ మెయిల్ వచ్చిందని కూడా తెలియదు. డార్క్ థీమ్‌కు మారితే లెక్క తిరగబడుతుంది. నలుపు మీద నిండు నీలం 2.4కు పడిపోతుంది, పసుపు వెలిగిపోతుంది. అంటే థీమ్ మార్చిన రోజు ట్యాగుల రంగులు కూడా ఒకసారి చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో కాంట్రాస్ట్ చెకర్ అని వెతికితే రెండు రంగులిచ్చి ఈ అంకె చూసుకునే పేజీలు దొరుకుతాయి.

ఇక ట్యాగ్ మీరు వేయకుండా దానంతట అదే పడేలా చేయడం. టూల్స్‌లో మెసేజ్ ఫిల్టర్స్ తెరవండి. పైన మెనూ కనిపించకపోతే ఆల్ట్ కీ నొక్కండి, వస్తుంది. అకౌంట్ ఎంచుకుని న్యూ నొక్కండి. ఫిల్టర్‌కు ఒక పేరు ఇవ్వండి. షరతు దగ్గర సబ్జెక్ట్, కంటెయిన్స్ ఎంచుకుని మాట రాయండి, ఉదాహరణకు జీఎస్టీ. మెయిళ్లలో ఆ మాట ఇంగ్లిష్ అక్షరాల్లోనే వస్తుంది కాబట్టి ఇంగ్లిష్‌లోనే రాయాలి. కింద ట్యాగ్ మెసేజ్ ఎంచుకుని ‘గడువు’ పెట్టండి. ఓకే చేశాక రన్ నౌ నొక్కితే పాత మెయిళ్లకూ పడుతుంది. నెలనెలా రిటర్న్‌లు వేసేవాళ్లకు 11న ఒకటి, 20న ఇంకొకటి గడువు. ఆ రోజుల్లో ఇన్‌బాక్స్ తెరవగానే ఆ వరుసలు వేరే రంగులో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

మాట కంటే పంపినవాళ్ల అడ్రస్‌ను బట్టి పెట్టే ఫిల్టరే నమ్మకమైనది. సబ్జెక్ట్‌లో జీఎస్టీ అని రాసి దుకాణాల ప్రకటనలు కూడా వస్తాయి.

మీరు పంపేది అవతల ఎలా కనిపిస్తుంది

పైన చెప్పిన థీమ్, ఫాంట్, ట్యాగ్ రంగులు అన్నీ మీ తెర వరకే. అవతలివాళ్లకు పోయే రూపం సెట్టింగ్స్‌లో కంపోజిషన్ కింద ఉంటుంది. అక్కడ ఫాంట్, సైజు, రంగులు ఉంటాయి. చదివేవాళ్ల రంగులే వాడు అని ఒక చెక్‌బాక్స్ టిక్ చేసి ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. మీరు నలుపు అక్షరాలని గట్టిగా పెట్టి పంపితే, డార్క్ థీమ్‌లో చదివేవాళ్లకు నలుపు మీద నలుపు వెళ్లే ప్రమాదం ఉంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో సంగతి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్‌ను కాపీ చేసి మెయిల్‌లో అతికిస్తే అవతల అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఏ రంగు మార్చినా, ఏ ఫాంట్ మార్చినా అది బాగుపడదు. అను పాత పద్ధతి ఫాంట్, మెయిల్‌కు యూనికోడ్ కావాలి. డీటీపీ వాళ్లనే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమనండి, లేదా పీడీఎఫ్ చేసి అటాచ్ చేయండి.

ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవాళ్లకు

చదవని మెయిళ్ల వెనక రంగు మార్చడం, వరుసకొక షేడ్ ఇవ్వడం లాంటివి మెనూల్లో దొరకవు. ప్రొఫైల్ ఫోల్డర్‌లో క్రోమ్ అనే ఫోల్డర్ పెట్టి, అందులో యూజర్‌క్రోమ్ అనే సీఎస్‌ఎస్ ఫైల్ రాసి, కాన్ఫిగ్ ఎడిటర్‌లో ఒక సెట్టింగ్ ఆన్ చేయాలి. సీఎస్‌ఎస్ తెలిసినవాళ్లకు ఇది ఇష్టమైన పని. కానీ పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా లోపలి పేర్లు మారి, రాసింది పనిచేయకపోవచ్చు. ఆఫీసు కంప్యూటర్లకు నేను దీన్ని సిఫారసు చేయను. రాసిన మనిషి సెలవులో ఉన్న రోజే అప్‌డేట్ వస్తుంది.

ఆఫీసులో అవుట్‌లుక్ తప్పనిసరి అయితే కూడా ఈ పద్ధతి కొంతవరకు పనికొస్తుంది. పాత రకం డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో వ్యూ సెట్టింగ్స్ కింద కండిషనల్ ఫార్మాటింగ్ ఉంటుంది. ఫలానా వాళ్ల నుంచి వచ్చినవి ఫలానా రంగులో చూపించమని అక్కడ చెప్పొచ్చు.

ట్యాగులకు మీరిచ్చిన పేర్లు, రంగులు, అకౌంట్ రంగులు ఆ కంప్యూటర్‌లోని ప్రొఫైల్‌లోనే ఉంటాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద అదే అకౌంట్ తెరిస్తే అక్కడ మళ్లీ పెట్టుకోవాలి. రెండు చోట్లా ఒకే రంగులు పెట్టండి. ఎప్పుడైనా థీమ్ మార్చాక తెర అస్తవ్యస్తంగా కనిపిస్తే కంగారు పడకండి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. థీమ్‌లు, యాడాన్‌లు పక్కన పెట్టి ప్రోగ్రామ్ మామూలు రూపంలో తెరుచుకుంటుంది. అప్పుడు బాగానే ఉంటే తప్పు ఆ థీమ్‌ది. మామూలుగా మళ్లీ తెరిచి దాన్ని తీసేయండి. మెయిళ్లకు ఏమీ కాదు.